మా ఇంటి సుగంధి షర్బత్ చరిత్ర

ఈ ఏడాది పత్రికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మా సార్ ఒక షరతు పెట్టారు. "రాజులు, యుద్ధాలు వద్దు. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును పట్టుకోండి. అది మీ దాకా ఎలా వచ్చిందో రాయండి" అన్నారు. ఏం రాయాలో నాకు వారం రోజులు తోచలేదు. అంతలో మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి సెలవులకు వచ్చాడు. వస్తూ ఒక టిన్ను తెచ్చాడు. దాని మీద "రూట్ బీర్" అని రాసి ఉంది.

అమ్మ అది చూసి "బడికి పోయే పిల్లలకు బీరు తెస్తావా?" అని కోప్పడింది. అన్న నవ్వి "పిన్నమ్మా, ఇందులో మత్తు ఏమీ లేదు. వేర్ల రుచితో చేసే కూల్‌డ్రింక్. మన నన్నారి షర్బత్ లాంటిదే" అన్నాడు. పక్కనే ఉన్న అవ్వ "ఏ వేరు నాయనా?" అని అడిగింది. అన్న టిన్ను తిప్పి తిప్పి చూశాడు. జవాబు చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్నే నా వ్యాసం అయింది.

ముందు మా వేరు సంగతి చెబుతాను. మా ఎలవూరు గుమ్మిడిపూండికీ ఆరంబాక్కానికీ మధ్య ఉంది. ఆరంబాక్కం దాటితే తడ, అంటే ఆంధ్ర. అందుకే మా ఇళ్లలో ఒకే వేరుకు రెండు పేర్లు. అవ్వ "సుగంధి" అంటుంది. నేనూ చెల్లీ అంగడిలో వినే తమిళ మాటే పట్టుకుని "నన్నారి" అంటాం. రాయలసీమ తెలుగువాళ్లు కూడా నన్నారి అనే అంటారట. సంస్కృతంలో దీన్ని శారిబ అనీ అనంతమూలం అనీ అంటారు. ఇది నేల మీద పాకే సన్నని తీగ. తుంచితే పాలు కారతాయి, అందుకే సుగంధిపాల అన్న పేరు కూడా ఉంది. వాసన అంతా వేరులోనే. వేరును దంచి, నడుమ ఉన్న గట్టి పుల్ల తీసేసి, బెరడును వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున వడగట్టి చక్కెర పాకం పట్టాలి. తాగేటప్పుడు నిమ్మకాయ పిండాలి.

అవ్వ చిన్నప్పుడు సత్యవేడు వైపు నుంచి వేర్ల కట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వచ్చేవాళ్లట. అప్పటికి రెండు ప్రాంతాలూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. "గీత గీసినాక కూడా వేర్లు వచ్చేవి. తర్వాత తర్వాతే రాకుండా పోయినాయి" అని అవ్వ అంది.

ఇక అమెరికా వేరు. అక్కడ ససాఫ్రాస్ అనే చెట్టు ఉంది. దాని వేరు బెరడునూ, సార్సపరిల్లా అనే తీగ వేరునూ మరిగించి ఇళ్లలో పానీయం చేసుకునేవారు. ఫిలడెల్ఫియా నగరంలో చార్లెస్ హైర్స్ అనే మందుల వ్యాపారి 1876లో జరిగిన పెద్ద ప్రదర్శనలో తన రూట్ బీర్‌ను జనానికి పరిచయం చేశాడు. 'బీర్' అన్న పేరు వల్ల ఆయనకు తిప్పలు కూడా వచ్చాయి. 1895లో మద్యాన్ని వ్యతిరేకించే మహిళా సంఘం ఈ పానీయాన్ని బహిష్కరించమంది. పరీక్ష చేయిస్తే అందులో మత్తు దాదాపు లేదని తేలింది. ఇది చదివి వినిపిస్తే మా అమ్మ "నేనొక్కదాన్నే కాదన్నమాట" అంది.

సార్సపరిల్లాను స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలోనే అమెరికా ఖండం నుంచి యూరప్‌కు మందుగా తెచ్చారు. అది ఖరీదైన దిగుమతి సరుకు. ఇండియాకు వచ్చిన ఇంగ్లిష్ వైద్యులు మన సుగంధి వేరును చూసి, దాని బదులు ఇది వాడవచ్చని 'ఇండియన్ సార్సపరిల్లా' అని పేరు పెట్టారు. 1864లో వెలువడిన బ్రిటిష్ ఫార్మకోపియా అనే అధికారిక మందుల గ్రంథంలో మన వేరుకు చోటు దొరికింది. నిజానికి రెండు మొక్కలూ ఒకే కుటుంబానివి కావు. ఒకదాని బదులు ఇంకొకటి రావడం ఈ చరిత్రలో నాకు కనిపించిన మొదటి మార్పు.

రెండో మార్పు అమెరికాలో జరిగింది. ససాఫ్రాస్ నూనెలో ఉండే సఫ్రోల్ అనే పదార్థం వల్ల ఎలుకలకు కాలేయ క్యాన్సర్ వస్తోందని తెలిసి 1960లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. అప్పటి నుంచి చాలా రూట్ బీర్లలో ఆ రుచిని వేరే పదార్థాలతో తెప్పిస్తున్నారు. పేరులో వేరు ఉంది, సీసాలో లేదు. అన్న జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

మూడో మార్పు మన వైపు. తూర్పు కనుమల కొండల్లో మారేడు గడ్డలు అనే లావైన వేర్లు దొరుకుతాయి. తమిళులు దీన్నే మాగాళి కిళంగు అని ఊరగాయ పెడతారు. దీని వాసన సుగంధి వాసన లాగే ఉంటుంది, రెండింటిలో ఉన్న సువాసన పదార్థం ఒకటే. సన్నని సుగంధి వేరు కంటే ఇది ఎక్కువ బరువు తూగుతుంది. అందువల్ల నన్నారి పేరుతో దీన్ని కూడా వాడుతున్నారు. వేరు తవ్వితే మొక్క చచ్చిపోతుంది. తవ్వీ తవ్వీ ఈ మొక్క కూడా అడవుల్లో తగ్గిపోతోంది.

ఇంత తెలుసుకున్నాక రుచి చూడకుండా ఎలా? ఆదివారం నాలుగు గ్లాసులు పెట్టాను. ఒకటి, అవ్వ నాటుమందుల అంగడి నుంచి వేరు తెప్పించి చేసిన షర్బత్. రెండు, మా వైపు బజారులో కొన్న నన్నారి సీసా. మూడు, సూళ్లూరుపేట నుంచి తెచ్చిన సీసా. నాలుగు, రూట్ బీర్. ఏ గ్లాసులో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అవ్వ, నాన్న, అమ్మ, చెల్లి, అన్న తలా పదికి మార్కులు వేశారు. మొత్తం 50కి లెక్క ఇలా వచ్చింది: బజారు సీసా 41, సూళ్లూరుపేట సీసా 36, అవ్వ చేసింది 33, రూట్ బీర్ 17.

రూట్ బీర్‌కు అన్న ఒక్కడే 9 వేశాడు. చెల్లి ఒక గుక్క తాగి "నొప్పుల బామ్ వాసన" అని గ్లాసు పక్కన పెట్టింది. ఆమె మాటలో తప్పు లేదు. రూట్ బీర్‌లో సాధారణంగా వాడే వింటర్‌గ్రీన్ రుచి, నొప్పి బామ్‌లలో వేసే వాసన ఒకటే.

ఆ తర్వాత సీసాల వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. మొదటి స్థానం వచ్చిన సీసా మీద చక్కెర, నీళ్లు, ఆమ్లం, రంగు, కలిపిన రుచి అని ఉన్నాయి. వేరు అన్న మాట లేదు. చెల్లి మొహం మాడిపోయింది. "అన్నా, నేను అవ్వదానికి 5 వేశాను, 10 చేసెయ్" అంది. నాకూ అలాగే చేయాలనిపించింది. అప్పుడు వ్యాసం కూడా బాగుంటుంది కదా! కానీ నాన్న ఒప్పుకోలేదు. "తాగినప్పుడు నీ నాలుక ఏం చెప్పిందో అదే రాయాలి. తర్వాత దిద్దితే అది చరిత్ర కాదు" అన్నాడు. అందుకే 33 అలాగే ఉంది.

అవ్వకు మార్కుల గురించి బాధ లేదు. తనది ఏ గ్లాసో వాసన చూసి మొదటే కనిపెట్టింది. "మీకు తీపి ఎక్కువ కావాల. వేరుకు కొంచెం వగరు ఉంటుంది, అది మీకు అలవాటు తప్పిపోయింది" అంది. నేను ఆలోచించాను. అమెరికాలో వేరు ఒక చట్టంతో పోయింది, ఆ సంవత్సరం పుస్తకంలో ఉంది. మా ఇంట్లో ఎప్పుడు పోయిందో ఎవరూ రాసిపెట్టలేదు. మేమే తీపి సీసాకు ఎక్కువ మార్కులు వేసుకుంటూ వచ్చాం.

ఇంకో సంగతి. నా బజారు సీసా మీద పేరు తమిళంలో, ఇంగ్లిషులో ఉంది. సుగంధి అన్న మాట మా ఇంట్లో అవ్వ నోట మాత్రమే ఉంది. నన్నారి అనడం తప్పని నేను అనను, అది కూడా మా ఊరి మాటే. రెండూ తెలిసి ఉంటే మంచిది.

అవ్వ చేసిన షర్బత్ ఇంకా అర సీసా మిగిలింది. చెల్లి రోజూ కొంచెం తాగుతోంది. నిన్న 6 మార్కులు అంది. ఇది పాత లెక్కలో కలపలేదు, తేదీ వేసి కింద విడిగా రాసుకున్నాను. మీరు కూడా మీ ఇంట్లో పెద్దవాళ్లను "ఏ వేరు?" అని ఒకసారి అడిగి చూడండి.