కోనసముద్రం ఉక్కు, ఒహాయో కొలిమి

ముప్పై ఏళ్ళు లేతు మిషన్ల మధ్య బతికి, రిటైరయ్యాక ఇంటి వెనక కొలిమి పెట్టాను. "కమ్మరి పని చెయ్యనీకా అమెరికా పోయింది?" అని మా అక్క ఫోన్లో నిలదీసింది. ఇక్కడ ఆ పనికి మర్యాద వేరు. 1973లో జార్జియా రాష్ట్రంలో కొద్దిమంది కమ్మరులు కూడి సంఘం కట్టుకున్న తర్వాత, క్రమంగా అది డాక్టర్లకీ లాయర్లకీ కూడా శనివారం సరదా అయింది.

మైక్రోమీటరుతో కొలవడం అలవాటైన నాకు, ఇనుము రంగు చూసి వేడి పోల్చుకోవడం రాలేదు. ఆ అవస్థలో ఉండగా 2001 జనవరి నాటి 'సైంటిఫిక్ అమెరికన్' పాత సంచిక చేతికొచ్చింది. అయోవా ప్రొఫెసర్ జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి డమాస్కస్ కత్తుల రహస్యం ఛేదించారట. ఆ కత్తులకు మూలం 'వుట్జ్'. 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జి పియర్సన్ వాడిన ఆ మాట, మన 'ఉక్కు'! కన్నడిగులూ ఉక్కు అనే అంటారు కనక ఎవరిదని తగువు పడను.

తవ్వుకుంటూ పోతే కోనసముద్రం తేలింది. మాది ఆర్మూరు దగ్గర పల్లె. అక్కడికి ఒక పూట ప్రయాణం కూడా కాదు. 1820ల్లో సర్వే ఉద్యోగి వాయిసీ అక్కడి పని చూసి రాశాడు. రెండు రకాల ఇనుము మట్టి మూసలో కలిపి, బొగ్గుల మధ్య ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊది కరిగించేవారు. గట్టిబడిన దిమ్మకు మట్టి పూసి, మళ్ళీ మళ్ళీ కాల్చి మెత్తబరిచేవారు. కొనడానికి ఇస్ఫహాను నుంచి వర్తకులొచ్చేవారు.

ఆ కత్తుల మీది నీటి అలల గీతలకు నూటికి వందో వంతైనా లేని వనేడియం కారణమని పెండ్రే, వెర్హోవెన్ తేల్చారు. తగిన ఖనిజం అయిపోగానే విద్య పోయిందని వారి ఊహ. నాకు అదొక్కటే చాలదనిపిస్తుంది. సీమ ఉక్కు చవగ్గా దిగాక, కత్తులు కొనే రాజులు పోయాక, మూస ఎవరికోసం ఊదుతారు?

ఒక చిన్న వుట్జ్ ముక్క సంపాదించి, మామూలు ఇనుములాగే పసుపు రంగు దాకా కాల్చి కొట్టాను. పొడిపొడిగా రాలింది! వెనకటి యూరప్ కమ్మరులకూ ఇదే అయింది. నూటికి ఒకటిన్నర పాలు కార్బనున్న ఉక్కు ఎరుపు దాటితే సుత్తెకు ఆగదు.

చిన్నప్పుడు మా ఊరి కమ్మరి తాత దగ్గర కర్రు పట్టుకొని కూచుంటే, తిత్తి లాగే మనవణ్ణి కసిరేవాడు. "ఎర్రగైతె చాలురా, ఇంక కాలిస్తె సచ్చిపోతది." కోతలయ్యాక మేర గింజలకోసం కల్లం అంచున, అందరికన్నా వెనక నిలబడేవాడు. మా నాయన కొలిచి పోస్తుంటే సంచీ పట్టింది నేనే. మా అరుగు మీద ఆయన కూచోగా చూడలేదు.

మొన్న ఊరికి పోయినప్పుడు అడిగాను. మనవడు దుబాయిలో డ్రైవరట. దాగలిని పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారట.