పులస: పేరు, ప్రయాణం, ఆనకట్ట

గోదావరి తీరవాసుల వాడుకలో సముద్రంలో పడిన చేప ఇలస లేక విలస. అదే చేప వరదకాలంలో ఎర్రనీటికి ఎదురీది నదిలో చేరితే పులస. ఈ భేదం అనాదిగా ఉన్నదని సాధారణంగా భావిస్తారు. ఒక లిఖితాధారం ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తున్నది.

ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో ప్రచురించాడు. చేపలకు చాలావరకు స్థానికుల నోట విన్న పేర్లనే పెట్టాడు. 198వ చిత్రంలోని చేప పేరు ‘పలాసా’. తొలి అక్షరంలోనిది అకారమో ఉకారమో ఆంగ్ల లిపి తేల్చదు గాని, అది మన పులసే. విశాఖ సముద్రపు రేవు. గోదావరి పాయ ఏదీ అక్కడికి చేరదు. ఒక్క ఆధారంతో సిద్ధాంతం చేయరాదు. అయినా నాటి విశాఖ జాలరుల వాడుకలో ఈ పేరు నదికే పరిమితమై లేదనుకోవడానికి ఇది గట్టి సూచన.

ఈ తెలుగు మాటనే 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే జాతినామంగా స్వీకరించి ‘క్లూపియా పలాసా’ అన్నాడు. అయితే గంగానది చేపలను వర్ణించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే దీనికి ‘ఇలిషా’ అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కనుక ఏడేళ్ల తేడాతో వంగనామం నిలిచింది. తెలుగు నామం పర్యాయపదాల పట్టికలో మిగిలింది. నేటి శాస్త్రనామం టెన్యువలోసా ఇలిషా.

ఇక చేప ప్రయాణం. గుడ్లు పెట్టడానికి ఇది మంచినీటిని వెతుక్కుంటూ నదిలోకి ఎక్కుతుంది. పిల్లలు ఎదిగి మళ్లీ ఉప్పునీటికి దిగుతాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా డెల్టా శిరస్సున నదికి అడ్డంగా నిలిచింది. సాల్మన్ వలె ఎగిరి అడ్డంకిని దాటే స్వభావం పులసకు లేదు. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చిన తరువాత అలహాబాదు వరకు ఎగబాకే ఇలిష్ రాక క్షీణించడం ఇటువంటి పరిణామమే.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలవల్ల తీరప్రాంత మత్స్యసంపదకు హాని కలగవచ్చునని 1867లో ప్రభుత్వం దృష్టికి తెచ్చినవాడు ఆర్థర్ కాటనే. డెల్టాలో ఆయన్ను కొలిచే రచనలలో గాని, విమర్శించే రచనలలో గాని ఈ సంగతికి దక్కిన చోటు స్వల్పం. ఆపై విచారణ చేపట్టిన ఫ్రాన్సిస్ డే 1873లో నివేదిక వెలువరించాడు. 1897 నాటి మత్స్య చట్టం నేరుగా నిషేధించినది మాత్రం మందుగుండునూ, విషప్రయోగాన్నీ.

ఆనకట్ట దిగువన, గౌతమీ వసిష్ఠ పాయలలో, కొద్ది వారాలపాటు మాత్రమే దొరికే చేపకు అరుదుదనం వల్ల ధర పెరిగింది. ధర పెరిగిన కొద్దీ ఇలస, పులసల భేదం బిగుసుకున్నదని ఈ వ్యాసకర్త ఊహ. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఏనాటిదో తేలితే ఈ ఊహ నిలిచేదీ లేనిదీ తెలుస్తుంది. ఒడిశా, బెంగాల్‌ల నుంచి మంచుపెట్టెలలో దిగిన చేప కూడా నేడు పులస పేరుతోనే అమ్ముడవుతున్నది. అందుకే యానాం రేవులో కొనేవారు ధరకంటె ముందు అడిగేది, అది ఏటిదా, సముద్రానిదా అని.