ఎదురెండలో ఆట: ములుగు చెరువు కట్టల మీద సిల్హౌట్ ఫొటో

వెనక వెలుగు బలంగా ఉండి, మనిషి ముందు భాగం చీకట్లో పడిపోయి, ముఖమూ బట్టలూ రంగూ ఏవీ కనబడకుండా ఒంటి ఆకారం ఒక్కటే నల్లగా నిలిచే ఫొటోను సిల్హౌట్ అంటారు. దానికి ఎక్కువగా దొరికే వస్తువు ఆడుకుంటున్న పిల్లలు. చెరువులోకి ఎగిరి దూకే పిల్లగాడు, కట్ట మీద సైకిల్ టైరు దొర్లించుకుంటూ పోయే పిల్ల, పతంగి ఎగరేస్తూ వెనక్కి వాలిన ఒళ్లు. ఫొటోల పోటీల్లోనూ క్యాలెండర్లలోనూ ఇవి ఎంతగా అరిగిపోయాయంటే, ఈ రకం ఫొటో ఒకప్పుడు చెడిపోయిన ఫొటో కిందే లెక్క అన్న సంగతి మరుగున పడిపోయింది. కాకతీయుల కాలపు పెద్ద చెరువులున్న ములుగు సీమలో ఈ ప్రక్రియకు కావలసిన వెలుగూ నేలా రెండూ ఉన్నాయి.

ఆకారాన్ని ఒకే రంగుతో నింపి చూపడం ఇక్కడ చాలా పాత అలవాటు. పొరుగునే, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టల రాతి చరియల మీద ఆదిమ మానవుల చిత్రాలున్నాయి. 1990 ప్రాంతంలో ఇవి పరిశోధకుల దృష్టికి వచ్చాయి. జంతువులు, మనుషులు, గుర్తులు ఎక్కువగా ఎర్ర రంగులో కనిపిస్తాయి. లోపలి వివరం తక్కువ. ఏ జంతువో పోల్చుకోవడానికి అంచే ఆధారం.

తెలుగువారి నీడల కళ తోలుబొమ్మలాటది మాత్రం వేరే దారి. తోలును పారదర్శకంగా అయ్యేదాకా శుభ్రం చేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి, తెర వెనక దీపం పెడితే తెర మీద పడేది నల్లటి నీడ కాదు, ఎరుపూ పచ్చా నీలాల బొమ్మ. ఒడిశాలోని రావణఛాయలో బొమ్మ నల్లగానే పడుతుంది. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారుల బొమ్మల్లో వెలుగు తోలులోంచి దూసుకొస్తుంది. కాబట్టి నల్లటి సిల్హౌట్ తోలుబొమ్మలాట నుంచి ఫొటోలోకి వచ్చిందని చెప్పడం వినడానికి బాగుంటుంది గానీ సరైన మాట కాదు. తెలుగు ప్రేక్షకుడికి నీడలో కూడా రంగు కావాల్సి వచ్చింది. నలుపు కెమెరాతో వచ్చింది.

యూరప్‌లో 18వ శతాబ్దంలో దీపం వెలుగులో గోడ మీద పడిన ముఖం నీడను గీసుకుని నల్ల కాగితంలో కత్తిరించి ఇచ్చేవారు. చిత్రకారుడితో బొమ్మ వేయించుకునే స్తోమత లేనివారికి అది చవక. 1839లో ఫొటోగ్రఫీ బయటి ప్రపంచానికి తెలిశాక ఆ వృత్తి కొన్ని దశాబ్దాల్లో అడుగంటింది. అయితే మొదటి కెమెరాలకు ఆడుకునే పిల్లలు అందలేదు. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పలకకు సైతం సెకన్ల కొద్దీ వెలుగు కావాలి. అంతసేపు కదలకుండా నిలబడిన పిల్లవాడు ఆడుకుంటున్నట్టు కాదు, కదిలితే మసక.

కదలికను ఆపి చూపిన తొలి ప్రసిద్ధ ఫొటోలు దాదాపు సిల్హౌట్‌లే కావడం యాదృచ్ఛికం కాదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో తీసినప్పుడు షట్టర్ తెరుచుకున్నది సెకనులో అతి చిన్న వంతు. ఆ కాస్త వెలుగులో గుర్రం ఒంటి మీద వివరం పడదు. అందుకే ఆయన వెనక తెల్లటి తెర కట్టించాడు, దాని ముందు గుర్రం నల్లటి ఆకారంగా పడింది. నాలుగు గిట్టలూ ఒకేసారి నేల వదులుతాయా అన్న ప్రశ్నకు ఆ ఆకారమే సరిపోయింది. వెలుగు చాలని చోట కదలికను పట్టాలంటే వివరాన్ని వదులుకోవాలి. పరిగెత్తే పిల్లల సిల్హౌట్‌కు కూడా మూలం ఈ బేరమే.

హైదరాబాద్ రాజ్యంలో ఫొటోగ్రఫీకి దర్బారు అండ దొరికింది. ఆరవ నిజాం దగ్గర ఫొటోగ్రాఫరుగా చేరిన లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా నడిపారు. ఆ కాలపు బొమ్మల్లో పిల్లలు జరీ కోట్లతో, కుర్చీ చేతిని పట్టుకుని, నిటారుగా ఉంటారు. డబ్బిచ్చి తీయించుకునేవారికి ముఖం కావాలి, నగ కావాలి. ముఖం కనబడని ఫొటోకు ఎవరూ డబ్బు ఇవ్వరు.

ములుగు వైపు కెమెరా వచ్చింది గుడి కోసం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట రామప్ప గుడిని, 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ తొలి సంచాలకుడు గులాం యజ్దానీ అధ్యయనం చేసి, 1922లో పాలంపేట గుళ్ల మీద ఫొటోలతో గ్రంథం వెలువరించారు. శిల్పం ఫొటోకు పక్కవాటు వెలుగు కావాలి, చెక్కడం లోతు తెలియాలి. 1940లలో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య తిరిగి వేల ఫొటోలు తీశారు. ఆయనకూ ముఖకవళికలు, కట్టూబొట్టూ, పనిముట్లే ముఖ్యం. పురావస్తు శాఖ గానీ మానవశాస్త్రం గానీ సిల్హౌట్‌ను దగ్గరికి రానివ్వకపోవడం సహజమే: వాటికి కావలసినదాన్నే అది దాచేస్తుంది.

సామాన్యుల ఇళ్లలోకి కెమెరా రావడం 1900లో వచ్చిన కొడాక్ బ్రౌనీతో మొదలైంది. మన దేశంలో, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 తరవాతి తరానికి చేరింది. 120 ఫిల్ములో పన్నెండు బొమ్మలు. ఇలాంటి పెట్టె కెమెరాలన్నిటికీ ఒకటే సూత్రం: సూర్యుడు ఫొటో తీసేవాడి వీపు వెనక ఉండాలి. ఎదురెండలో తీస్తే ముఖం నల్లగా వస్తుంది, స్టూడియోవాళ్లు కడిగి ఇచ్చేటప్పుడు ఆ ఫ్రేమును పాడైనదాని కింద పక్కన పెట్టేవారు.

ఆ పాడైన ఫ్రేమునే కళగా చూడటం పత్రికా ఫొటోగ్రఫీ, సలాన్ అనే ఫొటో ప్రదర్శన పోటీల చలవ. హంగరీకి చెందిన ఫొటోగ్రాఫర్ మార్టిన్ ముంకాచి 1930 ప్రాంతంలో ఆఫ్రికాలో తీసిన ఫొటోలో ముగ్గురు కుర్రాళ్లు నీళ్లలోకి పరిగెడుతుంటారు. వెనక నుంచి కనిపించే నల్లటి ఒళ్లు, తెల్లటి నురగ. ముఖాలు లేవు, కేరింత ఉంది. దాన్ని చూశాకే ఫొటోగ్రఫీ ఒక్క క్షణాన్ని శాశ్వతం చేయగలదని తనకు తెలిసిందని ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాఁ తరవాత చెప్పుకున్నాడు. పిల్లల ఆటను సిల్హౌట్‌గా చూపిన ఫొటోల్లో ఇంతకంటే ప్రభావం చూపినది మరొకటి ఉందనడం కష్టం.

హైదరాబాద్‌లో ఫొటోను చిత్రంలా మలిచే ఈ పిక్టోరియల్ ధోరణికి రాజా త్రయంబక్ రాజ్ బహదూర్ లాంటివారు పెద్దదిక్కయ్యారు. కోరుట్లలో 1939లో పుట్టి, ఆదివాసుల జీవితాన్ని చిత్రించిన బండి రాజన్‌బాబు అదే వాతావరణంలో ఎదిగారు. 2011లో మరణించేదాకా ఆయన బొమ్మల్లో ఒంటి రేఖకు, వెలుగునీడల పంపకానికి పెద్దపీట. సలాన్ కాలపు నలుపు-తెలుపు పద్ధతిలో సిల్హౌట్ సగం పొలంలోనూ సగం చీకటి గదిలోనూ తయారయ్యేది. బూడిద ఛాయలను తుడిచేసే హార్డ్ గ్రేడ్ కాగితం మీద ముద్రించేవారు. అదీ చాలకపోతే నెగెటివ్‌ను లిత్ ఫిల్ము మీదికి దించి, నలుపూ తెలుపూ తప్ప మరేమీ మిగలకుండా చేసేవారు. 1967లో ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ఉత్పత్తి మొదలుపెట్టాక ఈ పద్ధతికి పనికొచ్చే ‘ఇందు’ ఫిల్ము మన దుకాణాల్లోకి వచ్చింది.

ఇక నేల సంగతి. సిల్హౌట్ తీసేవాడికి మొదటి శత్రువు పిల్లవాడి వెనక ఉన్న చెట్టు, గోడ, కరెంటు స్తంభం. నల్లటి ఆకారం నల్లటి చెట్టులో కలిసిపోతే ఫొటో లేదు. ఊరి వీధిలో ఆకాశం దొరకదు. చెరువు కట్ట దొరికిస్తుంది. రామప్ప చెరువు కొండల మధ్య కట్టిన కట్టతో ఏర్పడింది; గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు సన్నటి లోయలను చిన్న కట్టలతో మూసి చేసినది. ఆయకట్టు వైపు కట్ట అడుగున కూర్చుంటే కట్ట మీద నడిచే పిల్ల మడమల నుంచి జుట్టు దాకా ఆకాశంలోనే ఉంటుంది. కెమెరాను నేలకు ఆనించి పైకి చూడటం ఈ పనిలో సగం విద్య. మిగతా చోట్ల గుంత తవ్వుకుని కూర్చున్నంత పని, ఇక్కడ కాకతీయులు ముందే చేసి పెట్టారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కట్టలకు మట్టి పోసి బలపరిచేటప్పుడు తుమ్మ పొదలు కొట్టేసిన చోట్ల అంచు ఇంకా తేటపడింది.

కాలం కూడా చూసుకోవాలి. ములుగు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, యూరప్‌లోలా వాలుగా కాదు. సూర్యాస్తమయం తరవాత పనికొచ్చే వెలుగు అరగంట కూడా నిలవదు. వానలు వెనకబట్టి చెరువు నిండి, ఆకాశం తేటగా ఉండే కార్తికం నుంచి సంక్రాంతి దాకా దీనికి మంచి అదను. నాటుకు సిద్ధం చేసిన వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు గట్టు మీద పరిగెత్తే పిల్లవాడి ఆకారం రెండుసార్లు దొరుకుతుంది, ఒకటి తలకిందులుగా.

ఆటను బట్టి ఫొటో మారుతుంది. చిర్రగోనె తీసుకుంటే, చిర్ర గాల్లో లేచి, కట్టె ఎత్తి, నడుము మెలితిరిగిన క్షణం కావాలి. చేతికీ ఒంటికీ మధ్య, కాలికీ కాలికీ మధ్య ఆకాశం ముక్క కనిపించాలి. లేకపోతే పిల్లవాడు మొద్దులా ఉంటాడు. ముఖం పక్కవాటుగా ఉంటే ముక్కు, గడ్డం తెలుస్తాయి, కెమెరా వైపు తిరిగితే తల గుండ్రటి మచ్చ. సిల్హౌట్‌లో ఉన్నదంతా అంచే కనక అది వణకకూడదు. కట్టె ఊపుకు సెకనులో 500వ వంతుకన్నా వేగం అవసరం. చెరువులోకి దూకేవాడు పైకి లేచి కిందికి దిగబోయే చోట ఒక్క క్షణం నిలిచినట్టవుతాడు, అక్కడ 250వ వంతు చాలు. వెలుగు కొలత పిల్లవాడి మీద కాదు, సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద. ఐఎస్‌ఓ 100 దగ్గర ఎఫ్-8, 250వ వంతుతో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. టైరు మధ్య ఖాళీ వెలుగుతో నిండుతుంది కాబట్టి టైరాట ఈ ప్రక్రియకు పుట్టినట్టే ఉంటుంది.

కూర్చుని ఆడేవి ఇందులో కుదరవు. గోటీలాట, అష్టాచెమ్మ, వామనగుంటలు నల్లటి ముద్దలవుతాయి. ఒంటికాలి తొక్కుడుబిళ్ల కుదురుతుంది. కాబట్టి పల్లె బాల్యానికి సాక్ష్యంగా సిల్హౌట్ ఫొటోలను చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అవి ఎగిరే, దూకే, పరిగెత్తే ఆటల వైపే పక్షపాతం చూపుతాయి. ఆడపిల్లల కూర్చునే ఆటలు, నీడపట్టున ఆడేవి ఆ ఆల్బమ్‌లో దాదాపు ఉండవు. బతుకమ్మ కూడా గుండ్రంగా తిరిగేటప్పుడు కలిసిపోతుంది. తలమీద పెట్టుకుని కట్ట వెంబడి వరసగా నడిచేటప్పుడే విడివిడిగా పడుతుంది.

1980ల తరవాత కలర్ ఫిల్ము చవకపడి సిల్హౌట్‌కు నారింజ ఆకాశం వచ్చింది. గ్రీటింగ్ కార్డులూ క్యాలెండర్లూ దాన్ని విపరీతంగా వాడుకున్నాయి. నలుపు-తెలుపులో ఆకారానికి ఉన్న ప్రాధాన్యం రంగుకు పోయింది. పత్రికలకు మరో అవసరం ఏర్పడింది. 2012 నాటి పోక్సో చట్టం, 2015 నాటి బాలల న్యాయ చట్టం కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధించాయి. అలాంటి వార్తల పక్కన ముఖం తెలియని నల్లటి పిల్లల బొమ్మలు వేయడం మామూలైంది. ఆట కోసం పుట్టిన ఆకారం బాధితుల గుర్తుగా కూడా మారడం ఈ ప్రక్రియకు పట్టిన విచిత్రమైన దశ.

ఫోన్లు మళ్లీ లెక్క మార్చాయి. నేటి ఫోను ఎదురెండలో క్షణంలో కొన్ని ఫ్రేములు తీసి కలిపి, చీకట్లో ఉన్న ముఖాన్ని తనంతట తానే వెలిగిస్తుంది. పెట్టె కెమెరా వద్దన్నా ఇచ్చిన నలుపును ఇప్పుడు ఫోను అడిగితే తప్ప ఇవ్వదు. లక్నవరం వేలాడే వంతెన మీద పిల్లలను అలా తీయాలనుకునేవారు తెర మీద ఆకాశాన్ని వేలితో నొక్కి పట్టి, వెలుగు గీతను కిందికి జరుపుతారు. ఆపే సౌకర్యం ఉన్న ఫోన్లలో, ఫ్రేములను అలా కలిపే హెచ్‌డీఆర్‌ను ముందే ఆపేస్తారు.