గాయమును మాన్పువారెవరు?



ఖమ్మము మెట్టపొలములు ముగిసి భద్రాచలపుటడవి మొదలగు ఈ సరిహద్దున గాయమెఱుగని గృహస్థుడు లేడు. వెదురు కొట్టునపుడు గొడ్డలి జాఱును. తునికాకు కోయబోయినవాని పాదమున ముల్లు విఱుగును. దున్నువాని మడమను నాగలికఱ్ఱు చీల్చును. మనలో పెక్కుమంది శరీరములపై అట్టి మచ్చలు రెండో మూడో యుండకపోవు. అవి యెట్లు పడినవో మనకు గుర్తున్నది. ఎట్లు మానినవో ఆలోచించినవారు మాత్రము అరుదు. గాయమును మాన్పినది పసరా? కట్టా? వైద్యుడా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు మానవజాతికి రెండువేలయేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా విన్నవించెదను.

మన దేశమున వ్రణవిచారము మిక్కిలి ప్రాచీనము. సుశ్రుతసంహితలో చికిత్సాస్థానము వ్రణములతోనే మొదలగుచున్నది. శరీరదోషములవలన పుట్టునది శారీరవ్రణమనియు, ఆయుధము, ముల్లు మొదలగు బాహ్యకారణములచే కలుగునది ఆగంతువ్రణమనియు అందు విభాగము. చికిత్సకు అఱువది యుపక్రమములు చెప్పబడినవి. అంతకంటె గమనింపదగినవి వ్రణావస్థల పేళ్లు. చెడిన వ్రణము దుష్టము, శుభ్రపడినది శుద్ధము, మానుచున్నది రుహ్యమాణము, మానినది రూఢము. రుహ ధాతువునకు మొలచి పెరుగుట యని యర్థము. విత్తనము మొలచినట్లు మాంసము మొలచునన్న భావము ఆ పేరులోనే యున్నది. వైద్యుడు పుండు కడుగును, అంచులు కుట్టును, కట్టు కట్టును, వేపాకుతో ఆవాలతో ధూపము వేయించును. రైతు పొలము దున్ని నీరు పెట్టవచ్చును గాని విత్తును తానై మొలిపింపగలడా? వైద్యుని పనియు అంతియే.

ఈ విద్య గ్రంథములందే నిలిచిపోలేదు. 1794వ సంవత్సరమున లండను నగరపు ‘జెంటిల్మన్స్ మ్యాగజీను’ పత్రికలో ఒక వింతవార్త వెలువడినది. ఇంగ్లీషుసైన్యమున ఎడ్లబండి తోలు కవాస్జీ యను మహారాష్ట్రుడు 1792 నాటి యుద్ధమున టిప్పుసుల్తానుకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాది పిమ్మట పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతని నొసటిచర్మమును కోసి, ఒక కొస తెగకుండ క్రిందికి త్రిప్పి, క్రొత్తముక్కును అమర్చెను. ఆ కొసగుండ రక్తము ప్రవహించుటచేతనే చర్మము చావక క్రొత్తచోట అంటుకొన్నది. తల్లిచెట్టునుండి కొమ్మను వేరుచేయకయే మామిడియంటు కట్టువారికి ఈ రహస్యము తెలిసినదే. ఈ వార్త తెలిసిన కార్ప్యూ అను ఇంగ్లీషు శస్త్రవైద్యుడు 1814లో తానును అట్లే చేసి జయము పొందెను. పత్రికలో పేరైనను పడని ఆ వృత్తికారుడు ఐరోపాఖండమునకు గురువైనాడు.

అయినను గాయమునకు చీము ఏల పట్టునో ఎవరికిని తెలియలేదు. చిక్కని చీమును ఐరోపావైద్యులు శుభచిహ్నముగనే తలంచుచుండిరి. పాశ్చరు పరిశోధనలను చదివిన లిస్టరు అను వైద్యుడు, కంటికి కనబడని సూక్ష్మజీవులే దీనికి కారణమని గ్రహించెను. 1865లో గ్లాస్గో నగరమున బండిచక్రము క్రింద పడి కాలెముక విఱిగి, చర్మము చీలిన పదునొకండేండ్ల బాలునికి కార్బాలికామ్లమున తడిపిన కట్టు కట్టెను. అట్టి గాయములకు తఱచుగా కాలు తీసివేయుటయే గతియైన కాలమది. ఆ బాలునికి ఎముక అతికినది, కాలు నిలిచినది.

శత్రువును గుర్తించుట ఇట్లయినది. ఆ శత్రువుతో శరీరము తనంతట తాను పోరాడుటను కన్నులార చూచి లోకమునకు చాటినవాడు రష్యాదేశీయుడైన మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనాయందు, గాజువలె పారదర్శకమగు నక్షత్రచేపల పిల్లల దేహమున ముల్లు గ్రుచ్చి, మఱునాడు సూక్ష్మదర్శినితో చూడగా, సంచరించు కణములు ముల్లును చుట్టుముట్టి యుండెను. ముల్లు దిగిన చోట మన కాలు వాచుటయు ఇట్టి పోరాటమే.

నేడు తెలిసిన క్రమము ఇట్టిది. తెగినంతనే రక్తనాళములు ముడుచుకొనును. రక్తఫలకికలు గుమిగూడి గండి పూడ్చును. నారలవల అల్లుకొని రక్తము గడ్డకట్టును. కొన్ని గంటలలో తెల్లకణములు చేరి సూక్ష్మజీవులను మ్రింగును. రెండుమూడు దినములకు పెద్ద భక్షకకణములు వచ్చి చచ్చినదానిని ఊడ్చివేయును. నాలుగైదు దినములనుండి సన్నని నాళములతో ఎఱ్ఱని చిగురుమాంసము లేచును. అంచులనుండి క్రొత్తచర్మము ప్రాకివచ్చును. కొల్లాజెన్ అను నారపదార్థము అల్లుకొని చోటు బిగియును. మూడువారములకు దాని బలము పూర్వబలములో ఇంచుమించు అయిదవవంతు. నెలలు గడచినను నూటికి ఎనుబది పాళ్లను మించదు. పైకి మానినట్లున్న కాలిపై వెంటనే భారము మోపరాదనుట ఇందుచేతనే.

ఈ నార అల్లుకొనుటకు ఆహారము ఆధారము. 1740లో బయలుదేరిన ఆన్సను నౌకాయాత్రలో నావికులకు స్కర్వీవ్యాధి సోకినది. అప్పుడు 1690 నాటి యుద్ధమున తగిలి, మానిపోయిన గాయము ఒకనికి యాభైయేండ్ల తరువాత మరల తెఱచుకొన్నదని ఆ యాత్రావృత్తాంతము తెలుపుచున్నది. మానిన మచ్చయు నిత్యము మరమ్మతు కోరునన్నమాట. 1939లో బోస్టను నగరమున క్రాండను అను యువవైద్యుడు సి విటమిను లేని భోజనము చేయుచు తన వీపుపై కోత వేయించుకొనెను. మూడునెలలకు వేసిన కోత మానినది. ఆఱునెలలకు వేసినది మానలేదు. ఆ విటమిను ఎక్కించిన పిమ్మట కొలది దినములలో అదియు మానజొచ్చెను. మన యడవిలో దొరకు ఉసిరికాయ ఆ విటమినుకు నిధి.

ఈ చరిత్రలో తెలుగువానికిని చోటు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యము చదివి 1923లో అమెరికా చేరిరి. కణములు విభజించి వృద్ధియగుటకు వలయు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకబృందమునకు ఆయన నాయకుడు. ఆయన పర్యవేక్షణముననే డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను ఔషధమును సాధించెను. అది లోకమునకు వెల్లడియైన 1948లోనే సుబ్బారావుగారు దివంగతులైరి.

చీమును అణచు మందునిచ్చిన మట్టియే ధనుర్వాతమును కలిగించు జీవికిని నిలయము. కితసాటో అను జపానుదేశీయుడు 1889లో దానిని వేఱుపఱచెను. మట్టిలోను పేడలోను దాగియుండి, గాలి చొరని లోతుగాయమున అది విజృంభించును. కావున గాయముపై పేడ, బూడిద, కాఫీపొడి చల్లుట మేలు కాదు. శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడిగి, ఉతికిన గుడ్డతో అదిమి రక్తమును ఆపి, ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనవలెను. మధుమేహము గలవారు మఱింత మెలకువతో నుండవలెను. వారి పాదమున స్పర్శ తగ్గి ముల్లు దిగినను నొప్పి తెలియదు. రక్తప్రసారము మందగించి పుండు త్వరగా మానదు. ప్రతిరాత్రి పాదములు చూచుకొనుట వారికి నియమము కావలెను.

గాయమును మాన్పునది శరీరమే. శుభ్రత, ఆహారము, విశ్రాంతి, కాలము అను నాలుగింటిని దానికి సమకూర్చి, అడ్డు తొలగించుటయే మన ధర్మము. ఊరి పిల్లలు గాయముతో మొదట పరుగెత్తివచ్చునది పెద్దల యొద్దకే కాన, ఈ మాట మీకు విన్నవించితిని.