ఆ రంగు ఎవరిది?

ఫ్లోరిడా తీరానికి నైరుతిగా ఉన్న డ్రై టోర్టుగాస్ దీవుల దగ్గర, 1926లో, హాగ్‌ఫిష్ అనే చేపను సముద్రంలోపలే రంగుల్లో ఫొటో తీశారు. చేపల రంగుల మీద పరిశోధన చేస్తున్న విలియం లాంగ్లీ, నేషనల్ జియోగ్రాఫిక్ ఫొటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ కలిసి చేసిన సాహసం అది. నీటి అడుగున తీసిన తొలి రంగుల ఫొటోలవి. మరుసటి జనవరిలో పత్రికకెక్కాయి. వాళ్లు వాడిన ఆటోక్రోమ్ పలకల మీద రంగులద్దిన బంగాళదుంప పిండి రేణువులుండేవి. ఆ పలకకు చాలా వెలుతురు కావాలి. అందుకని తెప్ప మీద మెగ్నీషియం పొడి పెట్టి మండించారు.

నీరు మొదట ఎరుపునే మింగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ మునిగినవాడి కంటికి అంతా నీలంగా కనిపిస్తుంది. మరి పైనుంచి తెల్లటి వెలుగు పంపి ఎరుపును తిరిగి తెప్పించడం మోసమా? కానే కాదు. వెలుగు మారిందేగానీ చేప ఒంటి రంగు మారలేదు. ఈ రోజు వన్యప్రాణుల ఫొటోల రంగు ఎంతవరకు సవరించవచ్చు అనే వాదానికి గీత ఇక్కడే గీయాలి.

తర్వాత ఫిల్ము రోజులొచ్చాయి. 1936 నుంచి స్టిల్ కెమెరాల్లో కోడాక్రోమ్ స్లైడు ఫిల్ము వాడకం మొదలైంది. స్లైడు తీశాక దాని రంగు మార్చడం కష్టం కాబట్టి, రీలు కొన్నప్పుడే రంగును ఎంచుకున్నట్టు. 1990లో ఫ్యూజీ తెచ్చిన వెల్వియా ఆకుపచ్చనూ ఎరుపునూ కళ్లు జిగేల్మనేలా చూపించింది. మనుషుల ముఖాలకు నప్పని ఆ ఫిల్మును ప్రకృతి ఫొటోగ్రాఫర్లు ఆప్యాయంగా అక్కున చేర్చుకున్నారు. ఫొటోషాప్ మొదటి వెర్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది.

1994లో ప్రకృతి ఫొటోగ్రాఫర్ ఆర్ట్ వుల్ఫ్ ‘మైగ్రేషన్స్’ పుస్తకం వచ్చాక దుమారం రేగింది. అందులో కొన్ని ఫొటోల్లో జీబ్రాలవంటి జంతువులను కంప్యూటర్లో అదనంగా చేర్చారు. అప్పటి గొడవంతా లేని జంతువును చేర్చడం గురించే. రంగు దాని చాటున తప్పించుకుంది.

‘ఎడిట్ చేయని ఫొటో’ అని గర్వంగా చెప్పుకోవడంలోనూ పెద్ద అర్థం లేదు. 1976లో పేటెంటు పొందిన బేయర్ ఫిల్టరే నేటికీ చాలా కెమెరాల్లో ఉంది. దాని కింద సెన్సరులోని ఒక్కో బిందువు ఒక్క రంగునే గ్రహిస్తుంది, మిగతా రెండూ లెక్కగట్టి పూరించినవే. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీ తుది వడపోతలో రా ఫైలు అడిగేది, సవరణ ఎంత దూరం వెళ్లిందో పోల్చి చూడటానికే.

పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలనే తీసుకుంటే, తెల్లవారుజామున పట్టిన నీలి ఛాయను తీసేయడంలో తప్పు లేదు. పక్షి గులాబీ రంగును పెంచడం మాత్రం వేరే పని. ఆ గులాబీ అది తిన్న నాచు, చిన్న రొయ్యజాతి జీవుల నుంచి వచ్చింది. పిల్లలకు ఆ రంగు ఉండదు, బూడిద గోధుమలో ఉంటాయి. జాతుల మధ్యా తేడా ఉంది: పెద్ద ఫ్లెమింగో అనే జాతిది తెలుపు మీద లేత గులాబీ, ముక్కు కొస నలుపు. చిన్న ఫ్లెమింగో అనే జాతిది ముదురు గులాబీ, ముక్కు ముదురెరుపు. పక్షుల లెక్కలు పరిశీలించేవారు అరుదైన జాతిని తేల్చుకోవడానికి ఈ తేడాలనే ఫొటోలో వెతుకుతారు.