టిబెటన్ వైద్యంలో హృద్రోగ పథ్యం

సోవా రిగ్పా అనునది టిబెట్ సాంప్రదాయిక వైద్యవిధానం. ఈ పేరుకు స్వస్థపరచు విద్య అని అర్థం. గుండెజబ్బుల విషయంలో ఔషధం కంటే ముందు ఆహారాన్ని, దినచర్యను సరిదిద్దడం ఈ విధానంలోని ముఖ్యసూత్రం. టిబెట్‌తో పాటు లడఖ్, సిక్కిం, భూటాన్, మంగోలియాలలో కూడా ఇది ఆచరణలో ఉంది.

చరిత్ర

ఈ వైద్యానికి మూలగ్రంథం "గ్యూషి". అనగా నాలుగు తంత్రాలు. దీనిని సంప్రదాయంగా 12వ శతాబ్దపు వైద్యుడు యుతోక్ యొంతెన్ గొంపోతో ముడిపెడతారు. 11వ శతాబ్దంలో రించెన్ జాంగ్పో వాగ్భటుని అష్టాంగహృదయాన్ని టిబెటన్ భాషలోకి అనువదించాడు. అందువలన ఇందులో ఆయుర్వేద ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. లాసాలో 1916లో స్థాపించిన మెన్-సీ-ఖాంగ్ వైద్యసంస్థను 1961లో ధర్మశాలలో పునఃస్థాపించారు. భారత ప్రభుత్వం 2010లో ఈ వైద్యవిధానానికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది.

సిద్ధాంతం

శరీరాన్ని నడిపించేవి మూడు దోషాలు: లుంగ్, త్రిపా, బేకెన్. ఇవి స్థూలంగా వాత, పిత్త, కఫాలకు సమానం. ఐదు విధాలైన లుంగ్‌లలో దేహమంతటా వ్యాపించేదానికి గుండె స్థానమని చెబుతారు. దుఃఖం, ఆందోళన, నిద్రలేమి, అతిగా ఉపవాసం లుంగ్‌ను ప్రకోపింపజేస్తాయి. గుండెదడ, నిట్టూర్పులు, నిద్రపట్టకపోవడం దీని లక్షణాలు.

ఆహారం, నడవడి

చికిత్సాక్రమం నాలుగు మెట్లుగా ఉంటుంది: ఆహారం, నడవడి, ఔషధం, బాహ్యచికిత్స. ఆహార, నడవడి నియమాలు దోషాన్ని బట్టి మారుతాయి.

* లుంగ్: వేడిగా, బలవర్ధకంగా, జిడ్డు గల ఆహారం తీసుకోవాలి. ఎముకల రసం, వెల్లుల్లి, వెన్న మంచివి. చిక్కని టీ, కాఫీ తగ్గించాలి. వెచ్చని చోట, ఆత్మీయుల సాంగత్యంలో గడపాలి.
* త్రిపా: చల్లబరచే ఆహారం, మజ్జిగ మంచివి. తీవ్రమైన ఎండలో శ్రమించరాదు.
* బేకెన్: తేలికైన ఆహారం, తేనె, వేడినీరు మంచివి. నడక అవసరం. పగటినిద్ర కూడదు.

మందులలో జాజికాయను గుండెకు ప్రత్యేకమైన ద్రవ్యంగా పరిగణిస్తారు.

ఆధునిక దృష్టి

వ్యాయామం, తగినంత నిద్ర, మనశ్శాంతి గుండెకు మేలు చేస్తాయని ఆధునిక వైద్యం కూడా అంగీకరిస్తుంది. కానీ వెన్న, కొవ్వు మాంసం రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచుతాయి. టిబెటన్ల నిత్యపానీయమైన వెన్న టీలో ఉప్పు కూడా కలుపుతారు. అధిక ఉప్పు రక్తపోటుకు కారణమవుతుంది. కావున లుంగ్‌కు హితమైన పథ్యం ప్రతి హృద్రోగికీ హితం కాదు. కొన్ని టిబెటన్ మందులలో వాడే వత్సనాభిని సరిగా శుద్ధి చేయకపోతే అది గుండె లయను దెబ్బతీస్తుంది.

టిబెటన్ యోగం ఆధారంగా స్విట్జర్లాండ్‌లో తయారైన పద్మ 28 అనే మందును కాళ్ళ రక్తనాళాలు ఇరుకైన రోగులపై పరీక్షించారు. నడవగలిగే దూరం కొంత పెరిగినట్లు తేలింది. అయితే ఈ ఆధారాలు బలహీనమైనవని 2013 నాటి కొక్రేన్ సమీక్ష పేర్కొంది.

ఛాతీనొప్పి, ఆయాసం వంటి లక్షణాలు అత్యవసర పరిస్థితికి సూచనలు. అటువంటప్పుడు పథ్యంతో సరిపెట్టుకొనక వెంటనే ఆసుపత్రికి చేరుకోవాలి. వైద్యుని సలహా లేకుండా రక్తపోటు, గుండె మందులను మానరాదు.