హెడ్‌ఫోన్ కోసం చవకైన సౌండ్ కార్డ్: కొనే ముందు చూడాల్సినవి

కంప్యూటర్‌కు హెడ్‌ఫోన్ తగిలించగానే కొందరికి పాట వెనక సన్నని బుస వినిపిస్తుంది. మరికొందరికి వాల్యూమ్ నూటికి నూరు పెట్టినా పాట పీలగానే ఉంటుంది. సౌండ్ కార్డ్ కోసం వెతికేవారిలో చాలామందిది ఈ రెండింటిలో ఒక సమస్య. ఆన్‌లైన్ దుకాణాల్లో ఇవి కొన్ని వందల రూపాయల నుంచి వేల రూపాయల దాకా ఉన్నాయి. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే ‘7.1’, ‘హై-రెస్’, ‘192 కిలోహెర్ట్జ్’ లాంటి మాటలకు ఈ సమస్యలతో దాదాపు సంబంధం ఉండదు. చూడాల్సినవి మూడే: రొద ఎంత తక్కువ, హెడ్‌ఫోన్‌ను నడిపే శక్తి ఉందా, రెండింటి ఇంపెడెన్స్ పొసుగుతుందా.

సౌండ్ కార్డ్ చేసే పని

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్. క్లుప్తంగా డాక్ అంటారు. ఆ సంకేతానికి హెడ్‌ఫోన్‌ను కదిలించేంత బలం ఇచ్చేది యాంప్లిఫైయర్. సౌండ్ కార్డ్‌లో ఈ రెండూ ఉంటాయి. మైకు శబ్దాన్ని అంకెలుగా మార్చే భాగం చాలా కార్డుల్లో అదనంగా ఉంటుంది.

సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్‌ను తెచ్చే నాటికి చాలా పీసీలు బీప్ శబ్దాలకే పరిమితం. పాట వినాలంటే కార్డ్ కొనాల్సిందే. ఇంటెల్ 1997లో ఏసీ’97, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాలను తెచ్చాక ఆ పని క్రమంగా మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌కు మారింది. ఇప్పుడు ఎక్కువ బోర్డుల్లో కనిపించేది తైవాన్ సంస్థ రియల్‌టెక్ చిప్. మామూలు హెడ్‌ఫోన్లకు అది చాలాసార్లు సరిపోతుంది. అందుకే ఏ కార్డ్ కొనాలి అనేదాని కన్నా ముందు, అసలు కార్డ్ అవసరమా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఖర్చులేని పరీక్షలు

డెస్క్‌టాప్ ముందువైపు జాక్‌లో బుస వస్తుంటే హెడ్‌ఫోన్‌ను వెనకవైపు ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూడాలి. ముందు జాక్‌కు వెళ్లే తీగ క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డ్ లాంటి భాగాల పక్క నుంచి వెళ్తూ వాటి విద్యుత్ రొదను పట్టుకుంటుంది. వెనక జాక్‌తో బుస తగ్గితే సమస్య పైసా ఖర్చు లేకుండా తీరినట్టే.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినాలి. గుయ్‌మనే శబ్దం ఆగిపోతే అనుమానించాల్సింది చార్జర్‌ను, ఇంటి ఎర్తింగ్‌ను. గోడ సాకెట్‌కు మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. క్యాబినెట్ ఇనుప రేకును తాకినప్పుడు జివ్వుమంటే ముందు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను.

అదే పాటను అదే హెడ్‌ఫోన్‌తో ఫోన్‌లో కూడా వినాలి. అక్కడా అదే బుస ఉంటే అది రికార్డింగ్‌లోనిదే కావచ్చు. 1950ల నాటి సినిమా పాటల్లోని బుసను ఏ డాక్ కూడా తీసేయలేదు. 

బ్లూటూత్ హెడ్‌ఫోన్, యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడేవారికి సౌండ్ కార్డ్ ఖర్చు వృథా. వాటి డాక్, యాంప్లిఫైయర్ వాటిలోనే ఉంటాయి.

లోపలి కార్డా, బయటి డాంగిలా

మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే కార్డ్ డెస్క్‌టాప్‌కే పనికొస్తుంది. పైగా అది క్యాబినెట్‌లోని రొద మధ్యే పనిచేయాలి. యూఎస్‌బీ డాంగిల్ ఆ రొదకు దూరంగా బయట ఉంటుంది. ల్యాప్‌టాప్‌కూ, చాలా ఫోన్లకూ తగిలించుకోవచ్చు. తక్కువ బడ్జెట్‌లో దీనివైపే మొగ్గడం మేలు. ఉదాహరణకు ఆపిల్ తెచ్చిన యూఎస్‌బీ-సీ నుంచి 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు మార్చే చిన్న అడాప్టర్ కూడా ఒక డాకే. కంప్యూటర్‌కు పెడితే దాదాపు 1 వోల్ట్ ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని సౌండ్ తక్కువగా వస్తుంది.

మైకు ఉన్న ఇయర్‌ఫోన్‌తో ఆన్‌లైన్ క్లాసులు, ఇంటర్వ్యూలకు హాజరయ్యేవారు డాంగిల్ మైకును కూడా తీసుకుంటుందో లేదో చూసుకోవాలి. కొన్ని డాంగిళ్లు వినడానికే పనిచేస్తాయి.

ఏ అంకెలు చూడాలి

ఇంపెడెన్స్‌ను ఓమ్‌లలో చెబుతారు. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్‌లు, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓమ్‌లు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో వచ్చింది.

1 వోల్ట్ ఇచ్చే డాంగిల్ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 31 మిల్లీవాట్లు అందించగలదు. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అందేది 4 మిల్లీవాట్లే. రెండింటి సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ అనుకుంటే మొదటిది గరిష్ఠంగా 111, రెండోది 102 డెసిబెల్స్ దాకా వెళ్తాయి. సినిమా పాటలకు 102 కూడా చాలు. మెల్లగా మొదలై ఒక్కసారిగా ఉధృతమయ్యే ఆర్కెస్ట్రా సంగీతం వినేవారు 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 2 వోల్టులు ఇచ్చే డాంగిల్ చూసుకుంటే 108 దాకా వస్తుంది.

డాంగిల్‌కూ సొంత ఇంపెడెన్స్ ఉంటుంది. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. అంటే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు. మించితే కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ తీరు మారిపోతుంది. ఈ అంకె, 32 ఓమ్‌ల దగ్గర ఇచ్చే శక్తి ఎక్కడా చెప్పకుండా ‘7.1’ అని మాత్రమే రాసిన వస్తువును పక్కన పెట్టడం మంచిది. ఒకే స్టీరియో జాక్ ఉన్నప్పుడు 7.1 అంటే సాఫ్ట్‌వేర్ కల్పించే భ్రమే. పాటలు వినేటప్పుడు దాన్ని ఆపేయాలి.

బిట్ల లెక్కకూ ఎక్కువ చెల్లించనక్కర్లేదు. 1982లో వచ్చిన సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌తో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టుకుంటుంది. మనిషి చెవి పరిధి 20 కిలోహెర్ట్జే. వయసుతో అదీ తగ్గుతుంది.

చెవికీ ఒక పరిమితి

శక్తి ఉంది కదా అని సౌండ్ పెంచుకుంటూ పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే 4 గంటలే. ఫ్యాన్, వీధి రొద వినపడకుండా సౌండ్ పెంచేవారికి కావాల్సింది పెద్ద యాంప్లిఫైయర్ కాదు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్. వినికిడిలో తేడా ఎక్కువగా హెడ్‌ఫోన్ వల్లే వస్తుంది కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే ఇవ్వాలి. పరీక్షల తర్వాత కూడా బుసో, పీలతనమో మిగిలితేనే డాంగిల్ కొనాలి. అదీ వాపసు ఇచ్చే వీలున్న చోట కొని, గడువులోగా సొంత హెడ్‌ఫోన్‌తో పరీక్షించాలి.